ఇంట్లో కట్టిన సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు మిషన్): వై యాక్సిస్ జరిగిపోతోంది

ప్రశ్న (తిరుపతి):
అన్నలూ, ఎండీఎఫ్ చెక్క పలకల మీద నేమ్‌ప్లేట్లు చెక్కడానికి తక్కువ ఖర్చులో మిషన్ కట్టాను. ఆర్డ్వినో ఊనో కంట్రోల్ బోర్డు, దాని మీద సీఎన్‌సీ షీల్డ్, మోటార్లకు కరెంటు ఇచ్చే ఏ4988 డ్రైవర్లు, 1.5 ఆంపియర్ల నెమా 17 మోటార్లు (స్టెప్పు స్టెప్పుగా తిరిగేవి), 8 మి.మీ. లీడ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) టీ8 స్క్రూలు, 12 వోల్టుల సప్లై. పావుగంట బాగానే చెక్కుతుంది. తర్వాత వై వైపు అక్షరాలు రెండు మూడు మి.మీ. పక్కకు పోతున్నాయి. పెద్ద మోటార్లు కొనాలా?

జవాబు (చిత్తూరు):
వద్దు తమ్ముడూ, ఇవి చాలు. వేడెక్కాకే మొదలవుతోందంటే నా అనుమానం డ్రైవర్ మీదే. ఏ4988 మరీ వేడెక్కితే తనంతట తానే ఆగి, చల్లారాక మళ్లీ నడుస్తుంది. ఆ మధ్యలో పోయిన స్టెప్పుల సంగతి మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ జీఆర్‌బీఎల్‌కు తెలియదు. మన ఎండలకు హీట్ సింక్ ఒక్కటే చాలదు, ఫ్యాన్ గాలి నేరుగా తగలాలి. డ్రైవర్ మీద చిన్న నల్ల రెసిస్టర్లు ఉంటాయి, వాటి మీద ఏముందో చదువు. ఆర్100 అయితే 1 ఆంపియర్‌కు వీరెఫ్ (డ్రైవర్ ఇచ్చే కరెంటు హద్దును నిర్ణయించే వోల్టేజీ) 0.8 వోల్టులు, ఆర్050 అయితే 0.4. పవర్ ఉండగా మోటార్ వైరు మాత్రం పీకొద్దు, డ్రైవర్ కాలిపోతుంది.

ఇంకో జవాబు:
కప్లర్ (మోటార్ షాఫ్ట్‌ను స్క్రూకు కలిపేది) కూడా చూడండి. షాఫ్ట్ మీద నుంచి కప్లర్ మీదికి మార్కర్‌తో ఒకే గీత గీయండి. పని అయ్యాక గీత విడిపోతే కప్లర్‌ను బిగించే గ్రబ్ స్క్రూ జారుతున్నట్టే. జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో, 16 మైక్రోస్టెప్పులకు (ఒక్కో స్టెప్పును 16 ముక్కలు చేస్తే) $101 (వై వైపు ఒక మి.మీ.కు స్టెప్పులు) విలువ 400 ఉండాలి. $121 (వై వైపు వేగం పెరిగే రేటు) ఎక్కువ పెట్టి ఉంటే 50కి దించండి.

ప్రశ్న అడిగినవారు:
గీత కలిసే ఉంది. రెసిస్టర్ మీద ఆర్050, వీరెఫ్ 0.8.

జవాబు (చిత్తూరు):
దొరికింది. 2 ఆంపియర్లకు పెట్టేశావు, మోటార్ రేటింగే 1.5. 0.4కి తగ్గించు, ఫ్యాన్ పెట్టు, అదే నేమ్‌ప్లేటు మళ్లీ చెక్కి చూడు.