ఫౌండర్ తన టోకెన్లు తనే అమ్ముకుంటుంటే ఏమనుకోవాలి?

నిద్రలేని వాలెట్
ఒక క్రిప్టో ప్రాజెక్టు సంగతి, పేరు చెప్పను. చెబితే ఇక్కడికీ వాళ్ల మనుషులు దిగుతారు. లాంచ్ నుంచి, అంటే ఏడాదిన్నరగా, ఆ టోకెన్ పట్టుకుని ఉన్నాను. సప్లైలో (మొత్తం టోకెన్లలో) టీమ్ వాటా 18 శాతం, నాలుగేళ్ల వెస్టింగ్ (వాటా ఆ గడువులో కొద్దికొద్దిగా చేతికి రావడం), మొదటి ఏడాది ఒక్కటి కూడా కదలదు అని వైట్‌పేపర్‌లో, అంటే ప్రాజెక్టు వివరాల పత్రంలో రాశారు. మొన్న టీమ్ వాలెట్ నుంచి మూడు విడతలుగా టోకెన్లు ఎక్స్ఛేంజికి (అమ్ముకునే చోటికి) వెళ్లాయి. గ్రూపులో అడిగితే "డెవలప్‌మెంట్ ఖర్చులు" అన్నారు. అనుమానం వచ్చి వైట్‌పేపర్ మళ్లీ తెరిస్తే నాలుగేళ్లు కాస్తా రెండేళ్లయింది! ఎప్పుడు మార్చారో తెలియదు. నా దగ్గర పాత కాపీ ఉంది. అది గ్రూపులో పెట్టగానే మ్యూట్ చేశారు.

ఫౌండర్ అమ్ముకోవడం దానంతటదే తప్పా? టీమ్‌కి ఇంకా వేరే వాలెట్లు ఉన్నాయేమో ఎలా కనుక్కోవాలి? మ్యూట్ అయినవాణ్ణి, ఇక ఎక్కడ అడగాలి?

కాండిల్ బాధితుడు
మ్యూట్‌తో వదిలారా, అదృష్టవంతులు. నన్నయితే (వేరే ప్రాజెక్టు లెండి) బ్యాన్ చేసి, నా ప్రశ్నని స్క్రీన్‌షాట్ తీసి, "ఇలాంటి ఫడ్‌గాళ్లతో జాగ్రత్త" అని పిన్ చేశారు (ఫడ్ అంటే భయపెట్టే ప్రచారం). మూడు వారాలకి లిక్విడిటీ (కొనుగోలు, అమ్మకాల కోసం ఉంచిన డబ్బు) మొత్తం ఊడ్చుకుని పోయాడు వాడు, ఆ ఫౌండర్. ఆ పిన్ మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడా గ్రూపులో నా పరువు ఒక్కటే మిగిలింది. లెక్కలు తర్వాత చూసుకోవచ్చు, ముందు అమ్మేసి బయటపడండి.

హోడ్లర్ నంబర్ వన్
ముందు "వాడు, వీడు" అనడం మానండి. ఎవరో ఒకరు మోసం చేశారని ఫౌండర్లందరినీ అలా అనడం పద్ధతి కాదు. ఏళ్ల తరబడి కష్టపడి కట్టినవాళ్లు తమ వాటాలో కొంత అమ్ముకుంటే తప్పేముంది? వాళ్లకి ఖర్చులుండవా? లైట్‌కాయిన్ మొదలుపెట్టిన చార్లీ లీ గారు 2017 డిసెంబర్‌లో తన కాయిన్లు దాదాపు అన్నీ అమ్మేసి, మిగతావి దానం చేసేసి, ఆ సంగతి అందరికీ చెప్పారు. తనేం మాట్లాడినా సొంత లాభం కోసమే అంటున్నారని, ఆ మాట పడకూడదని వదిలించుకున్నారు. నిజాయితీ అంటే అది.

గ్యాస్ ఫీజు
నిజాయితీ ఏ నెలలో పుట్టిందో కూడా చెప్పండి మరి. ఆ నెలలోనే లైట్‌కాయిన్ 350 డాలర్లు దాటింది. ఏడాది తిరిగేసరికి 30 దగ్గరికి పడింది. కాయిన్ మొదలైంది 2011లో. ఆరేళ్లపాటు అడ్డురాని ధర్మసంకటం సరిగ్గా ధర కొండెక్కాకే వచ్చిందా?

హోడ్లర్ నంబర్ వన్
మీకు రేపటి ధర తెలుసా? ఆయనకీ తెలియదు. వెయ్యికి వెళ్లుంటే "పిచ్చోడు, ముందే అమ్ముకున్నాడు" అని మీరే నవ్వేవారు. పైగా అమ్మాక పారిపోలేదు, ప్రాజెక్టులోనే ఉన్నారు.

గ్యాస్ ఫీజు
ఉంటే ఉన్నారు. అమ్మేశాక చెప్పడమంటే పెళ్లయ్యాక శుభలేఖ పంపినట్టుంది.

హోడ్లర్ నంబర్ వన్
అమ్ముతున్నానని ముందే చెబితే ధర ఒక్కరోజులో కూలదా? అప్పుడు కూడా తిట్టేది మీలాంటివాళ్లే. ముందు చెబితే కూల్చాడంటారు, తర్వాత చెబితే దాచాడంటారు. అసలు చెప్పకపోతే దొంగ అంటారు. ఆయన ఏం చేస్తే మీకు నచ్చుతుందో చెప్పండి.

గ్యాస్ ఫీజు
నెలకింత అని షెడ్యూల్ పెట్టి అమ్మితే నచ్చుతుంది. ఎవరూ పెట్టరు, అది వేరే సంగతి.

నిద్రలేని వాలెట్
అండి, నాది లైట్‌కాయిన్ కాదు…

పాత మైనర్
2013 నుంచి ఉన్నాను. అప్పుడు ఇక్కడున్నవాళ్లలో సగం మందికి వాలెట్ అంటే జేబులో పెట్టుకునేదే. ఇప్పటికి ఓ నలభై కాంట్రాక్టులు (టోకెన్‌ని నడిపే కోడ్) లైను లైనూ చదివుంటాను, కాబట్టి కాస్త వినండి. ఉద్దేశాల గురించి కొట్టుకోవడం టైమ్ వేస్టు. మనిషి మనసు బ్లాక్‌చైన్ మీద కనపడదు. టీమ్ టోకెన్లు వెస్టింగ్ కాంట్రాక్టులో ఉన్నాయా, మామూలు వాలెట్‌లో ఉన్నాయా, అది చూడండి. కాంట్రాక్టులో ఉంటే గడువు రాకుండా ఫౌండర్ కూడా తీయలేడు. మామూలు వాలెట్ అయితే ఆ "నాలుగేళ్లు" అన్నది ఉత్త మాటే, ఏ రాత్రయినా మార్చుకోవచ్చు. మీ విషయంలో జరిగింది అదే. తర్వాత మింట్ ఫంక్షన్ (కొత్త టోకెన్లు పుట్టించేది) ఎవరి చేతిలో ఉందో చూడండి. కాంట్రాక్టు ఓనర్‌షిప్ రినౌన్స్ చేసి (వదులుకుని), లిక్విడిటీ ఎవరూ తీయకుండా లాక్ చేసి ఉంటే ఫౌండర్ దేవుడైనా దెయ్యమైనా మనకొచ్చే నష్టం లేదు.

శూన్య బ్యాలెన్స్
మొదటి సగం నిజం. చివరి వాక్యం నమ్మి నాలాంటివాళ్లు చాలామంది మునిగారు. ప్రాక్సీ కాంట్రాక్టు (అసలు కోడ్ వేరేచోట ఉండేది) అయితే టోకెన్ ఓనర్‌షిప్ వదిలేసినా, వెనకున్న కోడ్ మార్చే అడ్మిన్ కీ వేరే ఉంటుంది. దాన్ని చాలామంది రినౌన్స్ చేయరు. మల్టీసిగ్ (ఒకటికి మించి కీలు కావాలనే ఏర్పాటు) అని గొప్పగా చెప్తారు, ఐదు కీల్లో మూడు ఒక్కడి లాప్‌టాప్‌లోనే ఉంటే అది మల్టీ ఎలా అవుతుంది? 2021 నవంబర్ నాటి స్క్విడ్ టోకెన్ సంగతి తెలిసిందే కదా. కొనడానికి దారి ఉంది, అమ్మడానికి లేదు. అమ్మేవాళ్లు లేరు కాబట్టి 2,800 డాలర్లు దాటింది, నిమిషాల్లో సున్నా. నలభై కాంట్రాక్టులు చదివారు, ఒక్క ప్రాక్సీ కూడా తగల్లేదా సార్?

పాత మైనర్
ప్రాక్సీ గురించి నాకు చెబుతున్నారా? కొత్తవాళ్లకి అర్థమయ్యేలా క్లుప్తంగా రాశాను. సున్నా బ్యాలెన్స్ పేరు పెట్టుకున్నవాళ్ల దగ్గర సలహా తీసుకునే స్థితిలో లేను.

శూన్య బ్యాలెన్స్
సున్నా ఎలా అయిందో చెప్తున్నాను కాబట్టే వినమన్నాను.

రాత్రి పాఠకురాలు
అందరిలోకీ బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషినే మెచ్చుకోవాలి. 2011లో తప్పుకున్నారు. దాదాపు పది లక్షల బిట్‌కాయిన్లు ఆయనవేనని అంచనా, తప్పుకున్నాక ఒక్కటీ కదిలించలేదు. ఎన్ని లక్షల కోట్లో! అంత నిస్వార్థం ఇప్పటి ఫౌండర్లలో ఎవరికుంది?

కాండిల్ బాధితుడు
కీ పోగొట్టుకున్నారేమో. అసలు బతికే ఉన్నారో లేదో. తాళం పోయినవాణ్ణి పొదుపరి అంటామా మేడమ్?

రాత్రి పాఠకురాలు
ప్రతిదాన్నీ వంకరగా చూస్తే ఇక మంచివాళ్లే ఉండరు. ఈథీరియం ఫౌండర్ విటాలిక్‌ని తీసుకోండి. అడక్కుండానే షిబా టోకెన్ వాళ్లు తమ సగం సప్లై ఆయన వాలెట్‌కి పంపారు. 2021 మేలో అందులో కొంత కోవిడ్ సాయానికి ఇచ్చేసి, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం బర్న్ చేసేశారు, అంటే ఎవరికీ దక్కకుండా నాశనం చేశారు. ఉంచుకుంటే ఎవరడిగేవాళ్లు?

గ్యాస్ ఫీజు
అవి ఆయన కట్టినవీ కావు, కొన్నవీ కావు. పైవాడు ఇచ్చింది పైవాడికి. ఆయన ఈథీరియం కాయిన్ ఈథర్ మొదలైనప్పుడు ఫౌండేషన్‌కీ తొలి టీమ్‌కీ పక్కన పెట్టింది కోటీ ఇరవై లక్షలు, దాని గురించి మాట్లాడండి.

శూన్య బ్యాలెన్స్
అది 2014 సేల్ అప్పుడే లెక్కతో సహా చెప్పి పెట్టారు కదా. చెప్పి పెట్టుకోవడానికీ, చెప్పినదాన్ని రాత్రికి రాత్రి దిద్దుకోవడానికీ చాలా తేడా ఉంది. పోస్టు పెట్టినాయన గోడు ఆ రెండోదే.

బుల్ రన్ బాబాయ్
ముఖం చూపించే ఫౌండర్‌ని నమ్మొచ్చు, ముసుగు వేసుకునేవాణ్ణి నమ్మకూడదు. నా రూలు ఇంతే.

శూన్య బ్యాలెన్స్
బాబాయ్, టెర్రా ఫౌండర్ డో క్వాన్‌కి ముఖం లేదా? పేరుంది, ఇంటర్వ్యూలున్నాయి. తన స్టేబుల్‌కాయిన్‌ని (ధర డాలర్‌కి కట్టేసిన కాయిన్‌ని) విమర్శించిన ఆర్థికవేత్తతో, పేదవాళ్లతో ట్విట్టర్‌లో వాదించనన్నాడు. 2022 మేలో ఆ స్టేబుల్‌కాయిన్ టెర్రా, దాని జంట కాయిన్ లూనా కలిపి 40 బిలియన్ డాలర్ల దాకా ఆవిరయ్యాయి. మరుసటి మార్చిలో మాంటెనెగ్రోలో నకిలీ పాస్‌పోర్టుతో దొరికాడు. 2025 ఆగస్టులో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. వన్‌కాయిన్ మోసం నడిపిన రూజా ఇగ్నతోవా అయితే లండన్ వెంబ్లీ అరీనాలో వేలమంది ముందు నిలబడి మాట్లాడింది. 2017 అక్టోబర్‌లో విమానం ఎక్కింది, ఆ తర్వాత జాడ లేదు. అటు సుషీస్వాప్ (టోకెన్లు మార్చుకునే ప్రాజెక్టు) ఫౌండర్ షెఫ్ నోమీ ముసుగులోనే ఉన్నాడు. 2020 సెప్టెంబర్‌లో డెవలపర్ ఫండ్ అమ్మి కోటీ నలభై లక్షల డాలర్ల దాకా తీసుకున్నాడు. జనం దుమ్మెత్తిపోసేసరికి వారం లోపే తిరిగి కట్టి, క్షమాపణ చెప్పాడు.

హోడ్లర్ నంబర్ వన్
చూశారా! తిరిగి ఇచ్చాడు. అంటే అడిగితే ఇచ్చేవాళ్లూ ఉంటారు. చార్లీ లీ గారు కూడా…

గ్యాస్ ఫీజు
మళ్లీ మొదలు.

బుల్ రన్ బాబాయ్
సరే, నా రూలు కొట్టేయండి. ఇంతకీ ఏ కాయిన్ బాబూ? పేరు చెబితే నేనూ చూస్తాను. కింద ఉంటే కాస్త కొందామని.

సాలెగూడు
పైన ఎవరూ రెండో ప్రశ్న ముట్టుకోలేదు కాబట్టి అదొక్కటే చెప్తాను. ఎక్స్ఛేంజి మామూలుగా ఒక్కో ఖాతాకి ఒక్కో డిపాజిట్ అడ్రస్ ఇస్తుంది. మీ టీమ్ వాలెట్ ఏ డిపాజిట్ అడ్రస్‌కి పంపిందో తీసుకుని, ఆ అడ్రస్‌కి ఇంకా ఎవరెవరు పంపారో చూడండి. వేర్వేరు వాలెట్లు ఒకే డిపాజిట్ అడ్రస్‌కి పంపుతున్నాయంటే అటువైపు ఖాతా ఒక్కటే. ఆ వాలెట్లకి మొట్టమొదట గ్యాస్ డబ్బు (లావాదేవీ ఫీజు) ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వెనక్కి వెళ్లి చూడండి. కొత్త వాలెట్ ఉత్త చేతులతో ఏమీ చేయలేదు, ఎవరో ఒకరు మొదటి రూపాయి వేయాలి. ఎక్కువమంది దొరికేది అక్కడే. వైట్‌పేపర్ ఎప్పుడు మారిందో వెబ్ ఆర్కైవ్‌లో (పాత పేజీలు దాచే సైట్) దొరకొచ్చు. మొత్తం ఎంత కదిలింది?

నిద్రలేని వాలెట్
సప్లైలో 9 శాతం. కాంట్రాక్టు అడ్రస్ మీకు మెసేజ్ చేశాను.

సాలెగూడు
లెక్క వేయండి. నాలుగేళ్ల వెస్టింగ్ అయితే ఏడాదిన్నరకి 18లో 6.75 మాత్రమే విడుదల కావాలి. రెండేళ్లయితే 13.5. మీవాళ్లు 9 తీశారు. పాత పేజీ ప్రకారం గీత దాటింది, కొత్త పేజీ ప్రకారం దాటలేదు. ఆ పేజీ ఎందుకు దిద్దారో ఇంకొకరు చెప్పక్కర్లేదు. మిగతాది రేపు చూసి చెప్తాను.

పాత మైనర్
వెస్టింగ్ కాంట్రాక్టులో పెట్టలేదు అన్నది నేను మొదటే చెప్పాను, గమనించగలరు.

హోడ్లర్ నంబర్ వన్
పేజీ దిద్దడానికి వేరే కారణం కూడా ఉండొచ్చు. కమ్యూనిటీ ఓటింగ్ ఏమైనా పెట్టారా? తెలియకుండా ఒకరిని దోషి అనకండి. ఫౌండర్ గారి వివరణ కూడా రానివ్వండి.

నిద్రలేని వాలెట్
ఓటింగ్ లేదు. వివరణ వచ్చింది. "ట్రెజరీ రీబ్యాలెన్సింగ్" అట. నిన్న "డెవలప్‌మెంట్ ఖర్చులు", ఇవాళ ఇది.

సాలెగూడు
చూశాను. అదే డిపాజిట్ అడ్రస్‌కి ఇంకో నాలుగు వాలెట్లు పంపాయి. లాంచ్ రోజున "కమ్యూనిటీ ఎయిర్‌డ్రాప్" (ఉచిత పంపకం) పేరుతో సప్లైలో 6 శాతం అందుకున్నవి ఆ నాలుగే. కాబట్టి టీమ్ వాటా 18 కాదు, 24 అనుకోండి. నాలుగింటికీ మొదటి గ్యాస్ కాంట్రాక్టు డిప్లాయ్ చేసిన (చైన్ మీద పెట్టిన) అడ్రస్ నుంచే వచ్చింది. ఇంకోటి. ఆ నాలుగింట్లో ఒకటి పోయిన వారం ఒక కొత్త అడ్రస్‌కి గ్యాస్ వేసింది. ఆ కొత్త అడ్రస్ ఇప్పటికే ఇంకో టోకెన్ డిప్లాయ్ చేసింది. ఇంకా ఎవరికీ అమ్మలేదు. లింకులు మీకు పంపాను.

నిద్రలేని వాలెట్
ఒక స్నేహితుడి ఖాతా నుంచి గ్రూపులో పెట్టాను. ఏడు నిమిషాలు ఉంది. ఇప్పుడు ఆ స్నేహితుడు కూడా గ్రూపులో లేడు. సగం అమ్మేశాను, మిగతాది కొనేవాళ్లు దొరకడం లేదు.

బుల్ రన్ బాబాయ్
ఆ కొత్తది ఎప్పుడు లిస్ట్ అవుతుందో?

గ్యాస్ ఫీజు
బాబాయ్!!

హోడ్లర్ నంబర్ వన్
సాలెగూడు గారూ, ఆ లింకులు నాకూ పంపగలరా. వాడిది ఇంకో టోకెన్ కూడా నా దగ్గర ఉందనుకుంటా.