‘ఏకై వచ్చి మేకైనట్టు’: ఈ మేకు మేక కాదు

ప్రశ్న

ఆగస్టు 15 వస్తే పిల్లల వ్యాసాల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘తెల్లవారు వ్యాపారం పేరుతో ఏకై వచ్చి మేకై కూర్చున్నారు’. దీనికి అర్థం అడిగితే ‘ఒంటరిగా వచ్చి మేకలా అంతా మేసేశారు’ అంటున్నారు. ఏక అంటే ఒకటి, మేక అంటే మేక అట. మేక వచ్చి కూర్చోవడం ఏమిటో నాకు పొసగడం లేదు. అసలు మాటలేమిటో తెలిసినవారు చెప్పండి.

జవాబు

మీ అనుమానం సరైనదే. ఇవి ఏకు, మేకు. ఏకు అంటే రాట్నం మీద వడకడానికి సిద్ధం చేసుకున్న మెత్తటి దూది చుట్ట. మేకు అంటే గోడలోనో కొయ్యలోనో దిగగొట్టే ఇనుప చీల. దూదిలా మెత్తగా లోపలికి వచ్చి, పీకినా రాని చీలలా పాతుకుపోయాడని భావం.

పొరపాటు ఎక్కడ పుట్టిందంటే సంధిలో. ఏకు + ఐ అన్నప్పుడు ఉత్వసంధి నిత్యం కాబట్టి ‘ఏకై’. మేకు + ఐ కూడా అలాగే ‘మేకై’. అయితే అత్తునకు సంధి బహుళం కనుక మేక + ఐ కూడా ‘మేకై’ కావచ్చు. ‘ఏకు మేకయింది’ అన్నా అదే చిక్కు, విడదీస్తే మేకు వస్తుంది, మేకా వస్తుంది. రూపం చూసి తేల్చలేం. ‘ఏకులా వచ్చి మేకులా దిగాడు’ అనే వాడుక చూడండి. అక్కడ సంధి లేదు, ఉకారం బయటే ఉంది, మేకకు చోటు లేదు. పిల్లలకు ఈ రూపమే నేర్పితే ఈ గొడవ ఉండదు.

ఇంకొక జవాబు

ఏకును చూడనివారికి ఆ సామెతలోని మెత్తదనం అందదు. అందుకని దాని తయారీ కాస్త వివరంగా చెబుతాను.

గింజ తీసిన దూదిలో పోగులు చిక్కుపడి, ఆకు నలుసుతో కలిసి ఉంటాయి. దాన్ని విల్లుతో ఏకుతారు. విల్లుకు కట్టిన నరాన్ని దూదిలోకి ఆనించి, కొయ్యతో మీటితే ఆ అదురుకు పోగులు విడిపోయి నురగలా పొంగుతాయి, నలుసు కిందికి రాలుతుంది. ముసురు రోజున ఈ పని సాగదు. తేమకు దూది నరానికి అంటుకుని ఉండలు కడుతుంది. అందుకే ముందు దూదిని ఎండలో ఆరబెడతారు.

ఏకిన దూదిని పలకమీద పలచగా పరిచి, సన్నని పుల్లకు చుట్టి, అరచేత్తో దొర్లించి పుల్ల లాగేస్తారు. జానెడు పొడవు, వేలెడు లావు ఉన్న ఆ చుట్టే ఏకు. గట్టిగా దొర్లిస్తే పోగులు జారవు, నూలు గడ్డలు గడ్డలుగా వస్తుంది. వదులుగా చుడితే పోగు పోగును పట్టదు, లాగగానే తెగుతుంది. చాలా రోజులు మూటగట్టి ఉంచితే అణిగి గట్టిపడుతుంది. ఏ రోజు వడకడానికి ఆ రోజు చేసుకోవడమే మేలు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరుకు ఇంకా శ్రమపడతారు. గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లకు నలుసు పోతుంది, పోగులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. తర్వాత చెక్కపలక మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ వేరు చేస్తారు, అప్పుడు చిన్న విల్లుతో ఏకుతారు. చేసిన ఏకును ఎండిన అరటి డొప్పలో పెట్టి పట్టుకుంటారు, చేతి చెమట తగలకుండా. 100 కౌంటు నూలు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది) వచ్చేది ఈ ఓపికవల్లే.

‘ఏకిపారేశాడు’ అన్న మాటా, దూదేకులవారి పేరూ ఈ క్రియతోనే వచ్చాయి. విల్లు దెబ్బకు దూది పోగు పోగు విడిపోవడం చూసినవారికి ఆ తిట్టులోని బలం తెలుస్తుంది.

చరిత్ర వైపు నుంచి

సామెత తెల్లవారి మీదే పుట్టిందని మాత్రం రాయకండి. అలా చెప్పడానికి ఆధారం లేదు. ‘మేకు’ పారసీ ‘మేఖ్’ నుంచి హిందుస్తానీ ద్వారా మనకు చేరింది. మన పాత మాట చీల. కాబట్టి ఇప్పుడున్న రూపంలో ఈ సామెత ఆ మాట తెలుగులో ఇంకిన తర్వాతిదే అనుకోవచ్చు, అంతవరకే.

అయినా తెల్లవారికి ఇంత చక్కగా అమరడానికి కారణం ఉంది. ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్నం వచ్చింది మన నూలుబట్ట కోసమే, అద్దకపు గుడ్డల కోసమే. సరుకు కొనుక్కుని, గిడ్డంగిలో పెట్టి, ఓడకెత్తేవారు. 1765లో మొగల్ బాదుషా ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం జరిగాక ఉత్తర సర్కారులు వారి చేతికి పోయాయి. 1788లో గుంటూరు, 1800లో దత్తమండలాలు. నూలుబట్ట బేరానికి వచ్చినవాడు నూటయాభై అయిదేళ్లకు చీలై దిగాడు. ఇక్కడ ఏకు ఉపమానం మాత్రమే కాదు, వారు కొన్న గుడ్డకు మూలం కూడా.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. మరి ఆ మేకును పీకడానికి మళ్లీ ఏకునే పట్టుకున్నారు గదా. కాంగ్రెసువారు నెలకు ఇన్ని గజాలని నూలు లెక్క పెట్టారంటారు. అది ఎంత పని?

జవాబు

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కూడిన కాంగ్రెసు మహాసమితి మూడు లక్ష్యాలు పెట్టింది: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇళ్లలో 20 లక్షల రాట్నాలు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసులో ఖద్దరు బోర్డు ఏర్పడింది. గజాల లెక్క 1924 బెల్గాం కాంగ్రెసుది. సభ్యుడు నెలకు 2000 గజాల నూలు ఇవ్వాలి, తాను వడకలేకపోతే ఇంకొకరు వడికినదైనా తేవాలి.

లెక్క వేద్దాం. కౌంటు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని ఉన్నాయన్నది. 20 కౌంటు అయితే పౌనుకు 16,800 గజాలు. కనుక 2000 గజాల నూలు సుమారు 54 గ్రాములు, నాలుగున్నర తులాలు. లావుపాటి 10 కౌంటు అయితే 108 గ్రాములు. రోజుకు 67 గజాలు వడికితే చాలు, చెయ్యి తిరిగినవారికి అరగంట కూడా పట్టదు.

గుడ్డ లెక్క వేరు. అంగుళానికి 40 పడుగు (నిలువు) పోగులు, 40 పేక (అడ్డ) పోగులు, గజం పన్నా (వెడల్పు) అనుకుంటే చదరపు గజానికి 1440 చొప్పున రెండు వైపులా కలిపి 2880 గజాల నూలు కావాలి. నెల చందా గజం గుడ్డకైనా చాలదు. ఏడాది మొత్తం 24,000 గజాలు ఎనిమిది గజాల గుడ్డ. ఈ లెక్క తెలిస్తే ఖద్దరు ఎందుకు ఖరీదో ఎవరూ అడగరు.

నూలు చెడేది ఎక్కువగా చేతుల పొత్తు కుదరక. ఒక చెయ్యి చక్రం తిప్పుతుంటే రెండో చెయ్యి ఏకును వెనక్కు లాగాలి. పురి ఎక్కకముందే లాగితే పోగు సన్నబడి తెగుతుంది. పురి ఎక్కువైతే మెలికలు పడి చుట్టుకుంటుంది. కదురు వెంట్రుకవాసి వంగినా అదురుతుంది, అదిరినచోటల్లా తెగుతుంది. ఇలాంటి నూలు పేకకు ఎలాగో సరిపోతుంది గానీ పడుగుకు పనికిరాదు. మగ్గం మీద బిగువును గంజి పెట్టినా తట్టుకోదు. అందుకే తొలిరోజుల్లో చాలామంది నేతగాళ్లు పడుగుకు మిల్లు నూలే వాడేవారు. అది అసలు ఖద్దరు కాదని ఖాదీ సంఘాలవారు పట్టుబట్టవలసి వచ్చింది. 1925 సెప్టెంబరులో పాట్నాలో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడ్డాక నూలు నాణ్యత చూసే పని దాని మీద పడింది. సభ్యత్వానికి నూలు తప్పనిసరి అన్న నిబంధన అక్కడే సడలింది, రుసుము కట్టినా సరిపోయేది.

ప్రశ్న అడిగినవారు

సంతోషం. పిల్లలచేత వాక్యం ఇలా దిద్దిస్తాను: ‘బట్టల బేరానికి ఏకులా వచ్చి మేకులా దిగారు’.

జవాబు

‘ఏకులా’లో ఏత్వం దీర్ఘం పోకుండా చూడండి. ‘ఎకులా’ అని రాసేవారున్నారు. ఇక వీలైతే పొందూరు నుంచి నాలుగు ఏకులు తెప్పించి తరగతిలో చేతికివ్వండి, పక్కన ఒక ఇనుప మేకు పెట్టండి.