అప్‌డేట్: కొలరాడో ఎల్క్ వేటకి రెంటల్ బండి సంగతి తేలింది

హైదరాబాద్ నుంచి డెన్వర్‌లో దిగి అక్టోబర్‌లో మా బావతో ఎల్క్ (అక్కడి పెద్ద జాతి దుప్పి) వేటకి కొండల్లోకి వెళ్ళాలి, ఏ బండి రెంట్‌కి తీసుకోవాలి అని అడిగా కదా, మొన్నే శంషాబాద్‌లో దిగా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

ఎస్‌యూవీ అన్న మాట నమ్మొద్దు, ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ పవర్ అందేది) అని రాయించుకో అన్న సలహానే కాపాడింది. నేను బుక్ చేసిన చోట "అలాంటిదే ఇంకొకటి" అని టూ వీల్ డ్రైవ్ బండి తాళాలు చేతిలో పెట్టబోయారు, పైగా అగ్రిమెంట్‌లో మట్టిరోడ్డు ఎక్కకూడదని చిన్నక్షరాల్లో ఉంది. అక్కడే క్యాన్సిల్ చేసి, ఫారెస్ట్ రోడ్లకి ఒప్పుకునే ఒక లోకల్ వాళ్ళ దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ తీసుకున్నాం. రేటు ఎక్కువే, కానీ రెండో రోజు మంచు పడ్డాక ఆ బండి లేకపోతే క్యాంప్ దాకా చేరేవాళ్ళమే కాదు.

ఇంకోటి, డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్ళే ఐ-70 హైవే మీద డాట్సెరో, మారిసన్ అనే ఊళ్ళ మధ్య సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు టూ వీల్ డ్రైవ్ అయితే మంచుకి పనికొచ్చే టైర్లు గానీ, టైర్లకి చుట్టే చెయిన్లు గానీ ఉండాల్సిందే, బుక్ చేసేముందే టైర్ల గురించి అడగండి.

పికప్ కాబట్టి మాంసం గుడ్డ సంచుల్లో కట్టి వెనక టార్పాలిన్ మీద వేశాం, రక్తం మడత సందుల్లోకి కారింది గానీ బండికి చుక్క అంటలేదు, క్లీనింగ్ ఛార్జీ పడలేదు.

రూఫ్ ర్యాక్, జీపీఎస్ గురించి అంత కంగారు పడ్డా, రెండూ అవసరం రాలేదు. ఆర్టీఏలో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్‌తో పాటు మన ఒరిజినల్ లైసెన్స్ కూడా అడిగారు, మర్చిపోకండి.