జింక తగిలి, ఆపైన గార్డ్‌రెయిల్‌ను రాసుకున్న ట్రక్కు: క్లెయిమ్ కాంప్రహెన్సివ్ కిందకా, కొలిజన్ కిందకా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమెరికాలో పికప్ ట్రక్కు నడిపేవారి సలహా కోసం రాస్తున్నాను. గత గురువారం సాయంత్రం, వెలుగు తగ్గుతున్న వేళ, రెండు వరుసల రోడ్డు మీద సుమారు 50 మైళ్ల వేగంతో వెళ్తుండగా ఎడమవైపు పొదల్లోంచి ఒక జింక దూకింది. బ్రేకు మీద కాలు పడేలోపే అది ఎడమ హెడ్‌లైట్‌కూ గ్రిల్‌కూ తగిలింది. ఆ దెబ్బకు స్టీరింగ్ నా చేతుల్లో కుడివైపు తిరిగిపోయి, ట్రక్కు గార్డ్‌రెయిల్‌ను రాసుకుంటూ కొంత దూరం వెళ్లి ఆగింది. నాకు దెబ్బలేమీ తగలలేదు, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. జింక అక్కడికక్కడే చనిపోయింది. పోలీసులకు ఫోన్ చేస్తే ఒక అధికారి వచ్చి వివరాలు రాసుకుని రిపోర్టు నంబరు ఇచ్చారు.

హెడ్‌లైట్ పూర్తిగా పగిలింది, హుడ్ మధ్యలో మడత పడింది, బంపర్ ఎడమ కొస లోపలికి నొక్కుకుపోయింది. కుడివైపు రెండు తలుపుల మీదా పొడవాటి గీతలు పడ్డాయి. ఇల్లు మూడు మైళ్లే కదా అని నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చేశాను. చివరి మైలులో టెంపరేచర్ ముల్లు పైకి లేవడం చూశాను. మర్నాడు ఉదయానికి ట్రక్కు కింద కూలెంట్ మడుగు కట్టి ఉంది.

నా ఇబ్బంది ఇన్సూరెన్స్‌తో వచ్చింది. కంగారులో ఉన్నప్పుడు ఫోన్‌లో ఏం జరిగిందని అడిగితే, "జింక అడ్డం వచ్చింది, గార్డ్‌రెయిల్‌ను కొట్టాను" అని చెప్పాను. వారు దానిని కొలిజన్ క్లెయిమ్‌గా నమోదు చేశారు. నా పాలసీలో కాంప్రహెన్సివ్ డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందుగా నేను భరించవలసిన మొత్తం) 250 డాలర్లు, కొలిజన్ డిడక్టిబుల్ 1000 డాలర్లు. జింక తగిలితే కాంప్రహెన్సివ్ అనే నేను ఇన్నాళ్లూ విన్నాను. దీనిని ఇప్పుడు మార్పించుకోవడం సాధ్యమేనా? ట్రక్కును కడిగించవచ్చా? ఫోటోలు చూసి వారు పంపిన ఎస్టిమేట్‌కు నేను ఒప్పుకోవాలా?

సమాధానం 1 (క్లెయిముల విభాగంలో కొన్నేళ్లు పనిచేసినవారు)

మీరు విన్నది నిజమే. అమెరికాలో ఎక్కువగా వాడుకలో ఉన్న వ్యక్తిగత ఆటో పాలసీల భాషలో పక్షి గానీ జంతువు గానీ వాహనానికి తగలడాన్ని దొంగతనం, అగ్నిప్రమాదం, వడగళ్లు, వరద వంటి వాటి సరసన చేర్చి, కొలిజన్ కాని నష్టంగా లెక్కిస్తారు. దానినే మనం కాంప్రహెన్సివ్ అంటున్నాము. అయితే ఇక్కడ మొత్తం వ్యవహారం "తగలడం" అన్న ఒక్క మాట మీదే నిలబడి ఉంటుంది. జింకను తప్పించబోయి, అది తగలకుండానే చెట్టునో గార్డ్‌రెయిల్‌నో కొడితే అది కొలిజన్ అవుతుంది, చాలాసార్లు తప్పు డ్రైవర్ ఖాతాలోకి వెళ్తుంది. మీ ఫోన్ మాటలో జింక అడ్డం వచ్చిందన్న సంగతి ఉంది గానీ తగిలిందన్న సంగతి లేదు. అవతల విని రాసుకున్నవారు తప్పించబోయి కొట్టారనే అర్థం చేసుకుని ఉంటారు. ఇందులో వారి దురుద్దేశం ఏమీ నాకు కనిపించడం లేదు.

కాబట్టి ఫోన్‌లో వాదించడం మాని, క్లెయిమ్ నంబరు వేసి ఒక ఈమెయిల్ రాయండి. ముందు జింక ఎడమ ముందు భాగానికి తగిలిందని, ఆ తాకిడి వల్లనే ట్రక్కు కుడికి వెళ్లి గార్డ్‌రెయిల్‌ను రాసుకుందని, ఇదే వరుసలో, ఒక్క మాట ఎక్కువ గానీ తక్కువ గానీ కాకుండా చెప్పండి. పోలీసు రిపోర్టు నంబరు, ఫోటోలు జతచేయండి. నష్టాన్ని కాంప్రహెన్సివ్ కింద పరిశీలించమని అడిగి, ఒప్పుకోకపోతే పాలసీలోని ఏ నిబంధన ఆధారంగా ఒప్పుకోవడం లేదో రాతపూర్వకంగా తెలపమనండి. గార్డ్‌రెయిల్ గీతల విషయంలో మాత్రం నేను మీకు హామీ ఇవ్వలేను. జింక దెబ్బకు కొనసాగింపుగా మొత్తాన్ని ఒకే నష్టంగా చూడవచ్చు, లేదా కుడివైపు భాగాన్ని వేరుచేసి కొలిజన్ కింద పెట్టవచ్చు. అది మీ పాలసీ పదాల మీదా, సంఘటనల వరుసను మీరు ఎంత స్పష్టంగా నిరూపించగలరన్న దాని మీదా ఆధారపడి ఉంటుంది.

ట్రక్కును ఇప్పుడే కడిగించకండి. హుడ్‌కూ ఫెండర్‌కూ మధ్య సందులో, పగిలిన హెడ్‌లైట్ అంచుల్లో వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. ఈ రకం క్లెయిమ్‌లో జింక తగిలిందనడానికి వాటిని మించిన సాక్ష్యం లేదు. దగ్గర నుంచి ఒకటి, వాహనం మొత్తం కనిపించేలా మరొకటి ఫోటో తీసి పెట్టుకోండి.

సమాధానం 2 (బాడీ షాపులో ఎస్టిమేట్లు రాసేవారు)

ఇన్సూరెన్స్ విషయం పైవారు చెప్పారు కనుక నేను ట్రక్కు గురించి మాత్రమే చెబుతాను. అన్నిటికంటే ముందు, దయచేసి ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకండి. పికప్ ముందు భాగంలో గ్రిల్ వెనుక ఏసీ కండెన్సర్, దాని వెనుక రేడియేటర్ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. జింక ఒళ్లు మెత్తన కాబట్టి ప్లాస్టిక్ గ్రిల్ కొంత వంగి, తిరిగి యథాస్థితికి వచ్చి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం రేడియేటర్ పక్క ట్యాంకు చిట్లి ఉంటుంది. కూలెంట్ లేకుండా నడిపితే సిలిండర్ హెడ్ వంగుతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది. ఆ మూడు మైళ్ల సంగతి అడ్జస్టర్ (నష్టాన్ని పరిశీలించే ఇన్సూరెన్స్ ఉద్యోగి) అడిగితే దాచకుండా చెప్పండి, కానీ ఇకమీదట అదనంగా జరిగే నష్టాన్ని జింక దెబ్బలో భాగంగా వారు ఒప్పుకోకపోవచ్చు, ఎందుకంటే జరిగిన నష్టం పెరగకుండా చూసుకోవలసిన బాధ్యతను పాలసీ మీ మీదే పెడుతుంది. షాపుకు టో ట్రక్కు మీద పంపించండి.

ఫోటో ఎస్టిమేట్ గురించి ఆందోళన వద్దు. అది కంటికి కనిపించిన దాని లెక్క మాత్రమే. బంపర్, గ్రిల్ విప్పిన తరువాత షాపువారు లోపలి నష్టాన్ని రాసి పంపిస్తారు, దానిని సప్లిమెంట్ అంటారు. మా దగ్గర జింక పనుల్లో సప్లిమెంట్ లేకుండా ముగిసినవి నాకు గుర్తుకు రావు. మీరు జాగ్రత్తపడవలసింది ఒక్కటే: ముందు వచ్చిన చెక్కును ఇక ఏమీ అడగనని రాసిచ్చి తీసుకోకండి. షాపును ఎంచుకునే స్వేచ్ఛ సాధారణంగా మీదే. వారు సూచించిన చోటికే వెళ్లనవసరం లేదు.

అడాప్టివ్ క్రూజ్ (ముందున్న వాహనాన్ని బట్టి వేగాన్ని తానే సర్దుకునే ఏర్పాటు) ఉన్న ట్రక్కులకు రాడార్ సెన్సర్ గ్రిల్ వెనుకో బంపర్‌లోనో ఉంటుంది. దాని బ్రాకెట్ కొద్దిగా వంకరపోయినా సెన్సర్ చూపు పక్కకు తప్పుతుంది. అందువల్ల భాగాలు మార్చిన తరువాత కాలిబ్రేషన్ (సెన్సర్ చూపును తిరిగి సరిచేయడం) చేయించి, ఆ కాగితం బిల్లుతో పాటు అడిగి తీసుకోండి. ఎస్టిమేట్‌లో ఈ పని లేకపోతే చేర్చమనండి. అలాగే మీది అల్యూమినియం బాడీ ట్రక్కు అయితే (ఫోర్డ్ ఎఫ్-150 బాడీ 2015 మోడల్ నుంచి అల్యూమినియందే) ఆ లోహానికి వేరే పనిముట్లు, స్టీలు పొడి తగలని వేరే స్థలం ఉన్న షాపును వెతుక్కోవాలి. అవి తక్కువ కాబట్టి పని ఆలస్యమవుతుంది, అద్దె కారు రోజులు ఇట్టే అయిపోతాయి. అద్దె కారు కవరేజీ పాలసీలో విడిగా కొనుక్కున్నదై ఉండాలి, దానికి రోజువారీ పరిమితి కూడా ఉంటుంది. భాగాలు వచ్చాయని షాపు చెప్పేదాకా అద్దె కారు తీసుకోకుండా గడిపే వీలుంటే అదే మేలు.

సమాధానం 3

నా ట్రక్కు కూడా జింక వల్లనే పోయింది, అదీ పూర్తిగా పోయింది. పాతది కావడంతో, విప్పి చూసిన తరువాత మరమ్మతు ఖర్చు దాని విలువను సమీపించింది, టోటల్ లాస్ అన్నారు. ఖర్చు ఎంతకు చేరితే టోటల్ లాస్ అంటారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అప్పుడు మీకు వచ్చేది ప్రమాదానికి ముందు క్షణంలో ఆ వాహనానికి మార్కెట్లో ఉన్న విలువ, అందులోంచి డిడక్టిబుల్ పోను మిగిలినది. లోను బాకీ అంతకంటే ఎక్కువ ఉంటే, గ్యాప్ కవరేజీ లేనివారు తేడాను జేబులోంచి కట్టుకోవలసిందే.

వారు పంపిన విలువల నివేదికను నేను వరుసవరుసగా చదివాను. పోలికకు తీసుకున్న ట్రక్కుల్లో ఒకటి టూ వీల్ డ్రైవ్, నాది ఫోర్ వీల్ డ్రైవ్. అదొక్కటీ చూపించి, నాలాంటి ట్రక్కుల అమ్మకపు ప్రకటనలు మూడు జతచేస్తే విలువను సవరించారు. అప్పటికీ కుదరకపోతే చాలా పాలసీల్లో అప్రైజల్ నిబంధన ఉంటుంది: ఇరువైపులా ఒక్కొక్క మదింపుదారును పెట్టుకుంటారు, వారికి ఏకాభిప్రాయం కుదరకపోతే మూడో వ్యక్తి తేలుస్తాడు. ఖర్చు మనమూ పంచుకోవాలి కాబట్టి చిన్న తేడాలకు అది గిట్టుబాటు కాదు.

ప్రీమియం పెరుగుతుందేమోనని మీరు అడగలేదు గానీ అడుగుతారు. కాంప్రహెన్సివ్ క్లెయిమ్‌ను డ్రైవర్ తప్పుగా సాధారణంగా లెక్కించరు. అయినా అది క్లూ (CLUE) నివేదికలో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీలు చూసే పాత క్లెయిముల చిట్టాలో, ఏడేళ్ల దాకా కనిపిస్తుంది, క్లెయిమ్ లేనివారికిచ్చే తగ్గింపు ఉంటే అది పోవచ్చు. మీరు కొలిజన్ ముద్రను తొలగించుకోవడానికి పట్టుబట్టవలసినది 750 డాలర్ల తేడా కోసం మాత్రమే కాదు, ఈ ఏడేళ్లూ అది కొలిజన్‌గా కనిపించకుండా ఉండడం కోసం కూడా.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. మొదటివారు చెప్పినట్టే సంఘటనల వరుసను రాసి ఈమెయిల్ పంపాను. నాలుగు రోజులకు అడ్జస్టర్ స్వయంగా షాపుకు వచ్చి చూశారు. విప్పిన కండెన్సర్ రేకుల మధ్య బూడిద, గోధుమ రంగు కలిసిన వెంట్రుకలు ఒక కుచ్చులా ఇరుక్కుని ఉన్నాయి. ఆయన వాటిని ఫోటో తీసుకుని, ముందు భాగమంతటినీ కాంప్రహెన్సివ్‌కు మారుస్తున్నట్టు అక్కడే చెప్పారు, మర్నాడు కాగితం కూడా వచ్చింది. రేడియేటర్ ఎడమ ట్యాంకు నిజంగానే చిట్లింది. ఇంజిన్‌కు ప్రెషర్ పరీక్ష చేస్తే ప్రస్తుతానికి బాగానే ఉన్నట్టు తేలింది. కుడి తలుపుల సంగతి ఇంకా పరిశీలనలో ఉందన్నారు. దానిని వేరే కొలిజన్ క్లెయిమ్‌గా పెట్టేటట్లయితే నేను ఆ భాగాన్ని ఉపసంహరించుకుని, గీతలను అలాగే ఉంచుకుందామనుకుంటున్నాను. ఇందులో నేను చూడని చిక్కు ఏదైనా ఉందా?

సమాధానం 1 రాసినవారి నుంచి

ఒక్కటే ఉంది. ట్రక్కు మీద లోను ఉంటే మరమ్మతు చేయించాలన్న షరతు ఆ ఒప్పందంలో ఉండవచ్చు, ముందు అది చూసుకోండి. లోను లేకపోతే నిర్ణయం మీదే. అయితే తలుపుల ఫోటోలను తేదీతో సహా దాచి ఉంచండి. రేపు అదే వైపు మరేదైనా తగిలితే, పాత గీతలేవో కొత్త సొట్టలేవో మీరే చూపించవలసి వస్తుంది.