కంప్యూటెక్స్‌కి మొదటిసారి: డెమో నంబర్లు ఎంతవరకు నమ్మొచ్చు?

నల్లకుంట_నెర్డ్:
తైవాన్‌లోని తైపేలో జరిగే కంప్యూటర్ల ప్రదర్శన కంప్యూటెక్స్‌కి హైదరాబాద్ నుంచి వెళ్తున్నా. చేతిలో రెండు రోజులే. ఎస్ఎస్‌డీలు (డేటా దాచే డ్రైవ్‌లు), మినీ పీసీలు చూసి వీడియోలు తీయాలి. స్టాల్లో తెర మీద చూపించే వేగం నంబర్లు నమ్మొచ్చా? అక్కడి గ్వాంగ్‌హువా ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో కంప్యూటర్ పవర్ సప్లై కొని తెచ్చుకోవచ్చా?

బఫర్_బాబాయ్:
నంబరు అబద్ధం కాదండీ, అది ఏ సెట్టింగ్‌లో వచ్చిందన్నదే అసలు సంగతి. డ్రైవ్ వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంటే పై వరుస వదిలేయండి. అది సీక్వెన్షియల్ వేగం, అంటే పెద్ద ఫైలును వరసగా చదివే, రాసే వేగం; డబ్బా మీద వేసుకునేది అదే. అన్నిటికంటే కింది వరుస చూడండి: ర్యాండమ్ 4కే, క్యూ1టీ1, అంటే అక్కడక్కడా ఉన్న చిన్న 4 కేబీ ముక్కల్ని ఒక్కొక్కటిగా చదవడం, రాయడం. విండోస్ బూట్ అవ్వడం, ప్రోగ్రాములు తెరుచుకోవడం దానికి దగ్గరగా ఉంటాయి. పైన సెకనుకు 14,000 ఎంబీ చూపించే జెన్5 (పీసీఐఈ ఐదో తరం) డ్రైవ్ కూడా ఈ కింది వరుసలో చదివే వేగంలో వంద ఎంబీకి అటూ ఇటూ ఆగుతుంది.

టెస్ట్ సైజు సాధారణంగా 1 జీబీనే ఉంటుంది. అదంతా ఎస్‌ఎల్‌సీ క్యాష్‌లోనే (డ్రైవ్ ముందుగా వేగంగా రాసుకునే తాత్కాలిక భాగం) పడిపోతుంది. 64 జీబీకి పెంచమన్నా పెద్ద తేడా రాకపోవచ్చు, ఎందుకంటే ఖాళీగా ఉన్న 2 టీబీ డ్రైవ్‌లో క్యాష్ కొన్ని వందల జీబీ దాకా ఉండొచ్చు. అందుకే "క్యాష్ నిండాక రాసే వేగం ఎంత?" అని సూటిగా అడగండి. సేల్స్ వాళ్లు నీళ్లు నములుతారు. ఇంజనీర్ ఎవరో కనుక్కుని ఆయన్నే పట్టుకోండి.

వాట్_వేణు:
మినీ పీసీ దగ్గర ముందు వెనక్కి వంగి అడాప్టర్ లేబుల్ చదవండి. 19 వోల్ట్, 6.32 ఆంప్ అని ఉంటే అది 120 వాట్ల ఇటుక. ప్రాసెసర్, రెండు ఎస్ఎస్‌డీలు, టైప్-సీ చార్జింగ్ అన్నీ అందులోంచే రావాలి, కూడి చూసుకోండి. పీఎల్1, అంటే ప్రాసెసర్ నిలకడగా వాడుకునే వాట్ల పరిమితి, ఎంతో కూడా అడగండి. పీఎల్2 కాసేపే ఉండే ఊపు. చిన్న బెంచ్‌మార్క్ ఆ ఊపులోనే అయిపోతుంది కాబట్టి స్కోరు ఘనంగా కనిపిస్తుంది. పది నిమిషాలు వరసగా నడిచాక ఎన్ని వాట్లు నిలుస్తున్నాయో అదే లెక్క.

ఫ్యాన్ చప్పుడు గురించి మాత్రం అక్కడ ఏమీ తేల్చకండి. ఆ హాలు గోలలో అన్నీ సైలెంటే. ఉష్ణోగ్రతా అంతే, హాల్లో ఏసీ. మన మే నెల గది వేరు.

తిరుగుడు_టెక్కీ:
పవర్ సప్లై కొనొచ్చు గానీ లేబుల్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్ట్ అని ఉంటేనే. అక్కడ కరెంటు 110 వోల్ట్, 60 హెర్ట్జ్. 115 వోల్ట్ మాత్రమే తీసుకునే చవక రకం తెచ్చి మన 230కి పెడితే, స్విచ్ వేసిన క్షణమే లోపలి కెపాసిటర్లు పేలొచ్చు. వెనక 115/230 మార్చే ఎర్ర స్విచ్ ఉన్న రకమైనా ఫర్వాలేదు, కానీ దాన్ని 230కి జరిపాకే ప్లగ్ పెట్టాలి.

అక్కడి సాకెట్లు చపటా పిన్నులవి. మన గుండ్రటి పిన్ను దూరదు, కన్వర్టర్ పట్టుకెళ్లండి. పవర్ బ్యాంక్ చెకిన్ సామాన్లో వేయకండి, క్యాబిన్‌లోనే. 20,000 ఎంఏహెచ్‌ది 3.7 వోల్ట్ లెక్కన 74 వాట్ అవర్, సాధారణంగా ఉండే 100 పరిమితిలోపే.

స్టాల్ నంబరు ఎం అక్షరంతో మొదలైతే ప్రదర్శన జరిగే నాంగాంగ్ సెంటర్ హాల్ 1లో నాలుగో అంతస్తు. హాల్ 2కి పైవంతెన ఉంది. ఒక్కో హాలుకి ఒక్కో రోజు పెట్టుకోండి, లేకపోతే నడకకే సరిపోతుంది.

నల్లకుంట_నెర్డ్:
థ్యాంక్స్ అన్నా. వీడియోలకి కెమెరా షటర్ స్పీడ్ 1/50 సెకను ఉంచొచ్చా?

తిరుగుడు_టెక్కీ:
వద్దు. 60 హెర్ట్జ్ లైట్ల కింద నల్లచారలు పాకుతాయి. 1/60 గానీ 1/120 గానీ పెట్టండి, ఫోన్లో యాంటీ-ఫ్లికర్ కూడా 60కి మార్చండి. ఆర్జీబీ (రంగుల లైట్ల) ఫ్యాన్లు అప్పటికీ మిణుకుమంటే షటర్ కాస్త అటూ ఇటూ జరిపి చూడండి, వాటి మిణుకు కరెంటుది కాదు, వాటి కంట్రోలర్‌ది.