రాష్‌గార్డ్ చంక కింద కుట్టు తెగుతోంది: గుడ్డ మందం పెంచితే సరిపోతుందా?

మ్యాట్‌మీదే:
జియు-జిట్సు (కుస్తీలా పట్లు పట్టే ఆట), ఎంఎంఏ (రకరకాల పోరాట కళలు కలిపిన ఆట) ఆడేవాళ్ల కోసం రాష్‌గార్డులు (ఒంటికి అతుక్కుని సాగే టీషర్టులు), ఫైట్ షార్ట్స్ తయారుచేయాలని ముగ్గురం కలిసి మొదలుపెట్టాం. రాష్‌గార్డ్ గుడ్డ 80 శాతం పాలిస్టర్, 20 శాతం స్పాండెక్స్ (రబ్బరులా సాగే పోగు), 220 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో). చేత్తో పట్టుకుంటే బాగుంది, ప్రింటూ బాగా వచ్చింది. తీరా స్పారింగ్‌లో (ప్రాక్టీస్ పోరులో) వేసుకుంటే చంక కింద కుట్టు తెగుతోంది. షార్ట్స్‌లో అయితే తొడల మధ్య నాలుగు కుట్లు కలిసేచోట కుట్టు విచ్చుకుపోతోంది. శాంపిల్స్ కుట్టినవాళ్లు 280 జీఎస్ఎంకి వెళ్లమంటున్నారు. అంత మందం వేసుకుని ఆడితే ఉడికిపోతాం కదా! ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి, ఆర్డర్ ఇచ్చే ముందు చాలా టెన్షన్‌గా ఉంది.

కటింగ్‌టేబుల్:
మందం జోలికి వెళ్లకండి. నేను ప్యాటర్న్ మాస్టర్‌ని, సాగే గుడ్డలతోనే నా పని. మీరు చెప్పినదాంట్లో చిరిగింది గుడ్డ కాదు, తెగింది కుట్టు. గుడ్డ బరువు పెంచినంత మాత్రాన ఆ కుట్టు మారదు.

ముందు ఒక పని చేయండి. అదే గుడ్డ, అదే దారం, అదే మెషిన్ మీద రెండు పట్టీలు కలిపి కుట్టించండి. కుట్టు వెంబడి సరిగ్గా 10 సెంటీమీటర్లు గుర్తు పెట్టి, రెండు చివర్లూ పట్టుకుని నెమ్మదిగా లాగండి. కుట్టు లేని గుడ్డ 16 దాకా సాగి, కుట్టు ఉన్నది 13 దగ్గరే టప్‌మంటే మీ జబ్బు తెలిసిపోయినట్టే. దారం గుడ్డతో పాటు సాగడం లేదు. మామూలు సింగిల్ నీడిల్ మెషిన్ కుట్టుకి ఈ గుడ్డ మీద పని లేదు. రాష్‌గార్డ్‌కి వాడాల్సింది ఫ్లాట్‌లాక్: నాలుగు సూదులు, ఆరు దారాలు. గుడ్డ అంచులు లోపల గట్టులా నిలబడకుండా చదునుగా పడుకుంటాయి. అవతలివాడు మీద పడి ఛాతీతో నొక్కుతున్నప్పుడు ఆ గట్టే చర్మాన్ని ఒరిపిడి పెడుతుంది. లూపర్లలో (మెషిన్‌లో కింది నుంచి దారం మెలేసే కొక్కేల్లో) మెత్తగా ఉబ్బినట్టుండే టెక్స్చర్డ్ పాలిస్టర్ దారం వేయమనండి. అంగుళానికి 12 నుంచి 14 కుట్లు పడాలి. కుట్లు దగ్గరగా పడితే అంగుళంలో దారం ఎక్కువ ఉంటుంది, కాబట్టి అంతమేరకు సాగుతుంది. ప్రొడక్షన్ త్వరగా పోవాలని కుట్టు పొడవు పెంచేస్తారు, అక్కడ కాస్త కన్నేసి ఉంచండి. సూది బాల్‌పాయింటే ఉండాలి. మొన పదునుగా ఉంటే స్పాండెక్స్ పోగులు తెగి, నాలుగు ఉతుకుల తర్వాత కుట్టు పక్కన చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి.

ఇక ప్యాటర్న్. మీ రాష్‌గార్డ్‌లో చెయ్యి కుట్టు, పక్క కుట్టు రెండూ చంక నడిమధ్యలో కలుస్తున్నాయనుకుంటా. జబ్బ పైకెత్తి అండర్‌హుక్ కొట్టినప్పుడు (అవతలివాడి చంక కింద నుంచి చెయ్యి దూర్చి పట్టినప్పుడు) ఎక్కువగా సాగేది సరిగ్గా అక్కడే. అక్కడ కుట్లన్నీ ఒక చుక్క దగ్గర కలవనివ్వకూడదు. మెడ నుంచి ఏటవాలుగా వచ్చే రాగ్లాన్ చెయ్యి పెట్టి, చంక కింద ఆకు ఆకారంలో విడిగా ఒక ముక్క వేయండి. షార్ట్స్‌కీ అంతే. తొడల మధ్య వజ్రం ఆకారంలో, నాలుగు వైపులా సాగే గుడ్డ ముక్క వేస్తే ఆ నాలుగు కుట్లు ఒకేచోట కలవవు. కాలు ఎత్తి గార్డ్ వేసినా (కింద ఉండి కాళ్లతో అవతలివాణ్ని అడ్డుకున్నా), కిక్ కొట్టినా సాగేది ఆ ముక్కే.

ఫిటింగ్ చూసేటప్పుడు మనిషిని నిటారుగా నిలబెట్టి చూడొద్దని మా దగ్గర అందరికీ చెబుతాను. నిలబడితే ఏ బట్టయినా బాగానే కనిపిస్తుంది. కింద కూర్చోబెట్టి, వంచి, చేతులు తల మీదికి ఎత్తించి, అప్పుడు నడుం దగ్గర ఎంత పైకి పోతోందో చూడండి. అంచు లోపల సన్నని సిలికాన్ పట్టీ వేస్తే పైకి జారడం బాగా తగ్గుతుంది.

రెడ్‌కార్నర్:
నేను కోచ్‌ని, కుట్టు సంగతి నాకు తెలియదు. వెల్క్రో గురించి మాత్రం చెప్పాలి. షార్ట్స్ ముందు వెల్క్రో గరుకు వైపు ఒక్క పిసరు బయటికి తేలినా అవతలివాళ్ల రాష్‌గార్డ్ పోగులు లేచిపోతాయి, చర్మం గీసుకుంటుంది. మెత్తని వైపు నాలుగు పక్కలా కొంచెం పెద్దదిగా కోసి, గరుకుది పూర్తిగా కప్పేయండి. నాడా లోపలే ఉండాలి. జేబులు, జిప్పులు, గుండీలు అసలే వద్దు. వేళ్లు ఇరుక్కుంటే విరుగుతాయి. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య) నో-గి పోటీల్లోనూ (గి అనే కోటు లేకుండా ఆడేవాటిలో) వీటిని ఒప్పుకోరు. అక్కడ రాష్‌గార్డ్ మీద బెల్ట్ రంగు కనీసం 10 శాతం ఉండాలన్న నియమం ఉంది, డిజైన్ గీసేటప్పుడే చూసుకోండి.

ప్రింట్‌రూమ్:
సబ్లిమేషన్ ప్రింట్ గురించి ఒక మాట. రంగు దాదాపు 200 డిగ్రీల వేడికి ఆవిరై పాలిస్టర్‌లోకి దిగుతుంది. స్పాండెక్స్ ఆ రంగు పట్టదు. అందుకే భుజం, మోచేయి దగ్గర బాగా సాగినప్పుడు లోపలి తెలుపు బయటపడుతుంది. ముదురు నలుపు కావాలంటే తెల్ల గుడ్డ మీద ప్రింట్ కొట్టకుండా, నల్లగా అద్దకం వేసిన గుడ్డే కొనండి. ప్రెస్‌లో గుడ్డ కాస్త కుంచించుకుపోతుంది, కాబట్టి ముందు ప్రింట్, తర్వాత కటింగ్.

మ్యాట్‌మీదే:
కటింగ్‌టేబుల్ గారూ, మీరు చెప్పినట్టు లాగి చూశాం. గుడ్డ 15.5 దాకా వెళ్లింది, కుట్టు 12.5 దగ్గరే తెగింది. లోపల చూస్తే ఫ్లాట్‌లాక్ కాదు, ఓవర్‌లాక్ (అంచుల్ని చుట్టేసి లోపల గట్టు మిగిల్చే కుట్టు). అదీ గట్టి దారంతో. ఒక్క ప్రశ్న: కుట్టు మార్చాక వెంటనే మ్యాట్ మీద పరీక్షించవచ్చా?

కటింగ్‌టేబుల్:
ముందు ఉతకండి. చల్లటి నీళ్లు, సాఫ్ట్‌నర్ వద్దు. అది పోగుల మీద పూతలా పేరుకుని చెమట లాగకుండా చేస్తుంది. డ్రైయర్ వేడి స్పాండెక్స్‌ని చంపేస్తుంది, నీడలో ఆరేయండి. ఇలా పదిసార్లు ఉతికాక అదే పట్టీని మళ్లీ లాగి, వదిలేశాక ఎంతకి తిరిగొస్తుందో కొలవండి. 10కి బదులు పదిన్నర దగ్గర ఆగిపోతే ఆ గుడ్డ మోచేతుల దగ్గర సంచిలా వదులైపోతుంది. అప్పుడు మార్చాల్సింది గుడ్డనే. తిరిగొస్తే కొత్త ప్యాటర్న్‌తో మీడియం సైజు ఒక్కటే కుట్టించి, మీలో బరువైనవాళ్లకి ఇచ్చి ఆడించండి. మిగతా సైజుల గ్రేడింగ్ (ప్యాటర్న్‌ని చిన్నా పెద్దా సైజులకి మార్చడం) ఆ తర్వాతే.