కయాక్ తిరగబడినప్పుడు చిన్న గాలి సిలిండర్ ఉపయోగపడుతుందా?

ప్రశ్న
నేను రెండేళ్లుగా సముద్రంలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడుపుతున్నాను. నిశ్చలమైన నీటిలో రోల్ (తిరగబడిన కయాక్‌ను అందులో కూర్చునే తిరిగి నిటారుగా చేయడం) బాగానే వస్తుంది గానీ, అలల్లో తరచూ తప్పుతోంది. ఊపిరి చాలదేమోనన్న కంగారులో తలను ముందే పైకెత్తేయడం వల్లనే అలా జరుగుతోందని నాకు అర్థమైంది. లైఫ్ జాకెట్‌కు తగిలించుకునే చిన్న గాలి సిలిండర్ ఉంటే రెండో ప్రయత్నం స్థిమితంగా చేయగలనా?

మొదటి సమాధానం
కొంతవరకు చేయగలరు. కానీ ఒక ప్రమాదాన్ని ముందే తెలుసుకోవాలి. నీటి అడుగున సిలిండర్ గాలి పీల్చినవారు ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు; పైకి వస్తున్నకొద్దీ ఛాతీలోని గాలి వ్యాకోచిస్తుంది, ఒక్క మీటరు లోతు నుంచి లేచినా ఊపిరితిత్తులు దెబ్బతినే అవకాశం ఉంది. రోల్ చేసేవారి అలవాటు సరిగ్గా దీనికి విరుద్ధం, మనం ఊపిరి బిగబట్టే లేస్తాం. పైగా తెడ్డు మీద నుంచి ఒక చేయి తీసి, గొట్టం నోట పెట్టుకుని, అందులోని నీటిని ఊది బయటకు నెట్టిన తరువాతే మొదటి శ్వాస దొరుకుతుంది. శిక్షకుని సమక్షంలో ఈతకొలనులో సాధన చేయకుండా దయచేసి దానిని సముద్రంలోకి తీసుకువెళ్లకండి.

రెండవ సమాధానం
నా దృష్టిలో గాలి కన్నా చలి పెద్ద శత్రువు. చల్లని నీటిలో ఒక్కసారిగా మునగగానే అసంకల్పితంగా ఎగశ్వాస వస్తుంది, ఊపిరి బిగబట్టగల సమయం కొన్ని సెకన్లకు పడిపోతుంది. శ్వాస అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు పనిచేసేది సుమారు 10 నిమిషాలు, స్పృహ తప్పేలోగా సుమారు 1 గంట అనే లెక్కను శిక్షకులు చెబుతుంటారు. ఆ 10 నిమిషాల్లోనే తిరిగి కయాక్‌లోకి ఎక్కాలి కనుక, నీటి ఉష్ణోగ్రతకు తగిన వెట్‌సూట్ లేదా డ్రైసూట్ (చలి నుంచి కాపాడే దుస్తులు), పాడిల్ ఫ్లోట్ (తిరిగి ఎక్కేటప్పుడు ఆసరాగా తెడ్డు కొనకు తొడిగే తేలే సాధనం), నీళ్లు తోడే చేతిపంపు ముందు సమకూర్చుకోండి. బయలుదేరే ప్రతిసారీ స్ప్రే స్కర్ట్ (కయాక్‌లోకి నీరు రాకుండా నడుము చుట్టూ కట్టుకునే కప్పు) ముందున్న, దాన్ని ఊడదీసే లాగుడు పట్టీ లోపలికి మడతపడకుండా బయటే ఉందో లేదో చేత్తో తడిమి చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. చేతులు కొంకర్లు పోతే ఫ్లోట్‌ను ఊది నింపడం సాధ్యమేనా?

రెండవ సమాధానకర్త
కష్టమే. గాలి నింపే రకానికి సాధారణంగా రెండు అరలుంటాయి, అలల్లో వణుకుతూ రెండింటినీ ఊదాలి. అందుకే నేను ఫోమ్ ఫ్లోట్ వాడతాను. స్థలం ఎక్కువ పడుతుంది గానీ, తెడ్డు కొనకు తొడిగి పట్టీ బిగిస్తే సరిపోతుంది.